మైకుగారి ఆలోచన

“నీ పనికి వంక పెట్టలేనమ్మా. చొరవే లేదు,” అన్నారు డైరెక్టరుగారు, ఫైలు మూసేస్తూ. “పదకొండేళ్ళ మీటింగు నివేదికలు తిరగేశాను. నీ పేరు మీద ఒక్క ఆలోచన కూడా లేదు. చీఫ్ డిజైనరు పదవికి నీ పేరెలా పంపను చెప్పు?”

“కొత్త బ్రేకు నా ఆలోచనే కదా సార్.”

“అదేంటి? అది సేల్స్ మేనేజరుగారు చెప్పారు. నా చెవులతో విన్నాను.”

విన్నారు, నిజమే. ఆయన చెవులతోనే వచ్చింది చిక్కంతా.

లిఫ్టులు తయారుచేసే ఆ కంపెనీలో ఆమె నోటి మాట గాలికి పోయేది. రెండు నిమిషాలాగి సేల్స్ మేనేజరు అదే మాట ఖంగుమని అంటే అందరూ తలలూపేవారు. శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదన్నట్టు. అందుకే ఆమె అతనికి మనసులో మైకు అని పేరు పెట్టుకుంది. తాళ్ళు తెగినా లిఫ్టును పట్టి ఆపే ఆ బ్రేకు కోసం మూడు నెలలు వర్క్‌షాపులో గ్రీజు మరకలతో తిరిగింది ఆమె. పరీక్షలప్పుడు ఎన్నోసార్లు తనే లోపల నిలబడింది. తీరా మీటింగులో చెప్పబోతే ఎవరో కిటికీ మూయమన్నారు. మైకు చెబితే చప్పట్లు కొట్టారు.

సలహాలకు మాత్రం కొదవ లేదు.

“గట్టిగా చెప్పు,” అన్నాడు భర్త, ఉల్లిపాయలు తరుగుతూ. చెప్పింది. “కోపమెందుకమ్మా, కాసిని మంచినీళ్ళు తాగు,” అన్నారు డైరెక్టరుగారు.

“మొహం అలా పెడితే ఎవరు వింటారే? నవ్వుతూ చెప్పు,” అంది బ్యాంకులో ఆఫీసరైన అక్క. నవ్వుతూ చెప్పింది. జోకనుకుని అందరూ నవ్వారు.

“ముందుగానే ఈమెయిల్ పెట్టండి మేడమ్, రికార్డు ఉంటుంది,” అంది హెచ్ఆర్ అమ్మాయి. పెట్టింది. మైకు దాన్ని ప్రింటు తీసుకొచ్చి మీటింగులో చదివేశాడు. పైగా బయటికొచ్చాక, “మీరు భలే రాస్తారండీ, చదువుకోడానికి హాయిగా ఉంది,” అని మెచ్చుకున్నాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్తూనే అక్కకు ఫోన్ చేసింది.

“గోడకు చెప్పుకున్నా నయమే అక్కా. గోడ నా మాట తనదని చెప్పుకోదు.”

“ఇక నా వల్ల కాదే తల్లీ. నువ్వేం చెప్పినా వాడు మళ్ళీ చెప్పక మానడు కదా. చెప్పుకోనీ, వదిలెయ్.”

“మళ్ళీ చెప్పక మానడు,” అని ఆ మాటే తిప్పి అనుకుంటూ ఆమె ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం మీటింగు పెట్టారు. చీఫ్ డిజైనరు పదవికి పేరు ఆ సాయంత్రమే పైకి వెళ్ళాలి.

“సోమవారం ఆసుపత్రివాళ్ళు వస్తున్నారు,” అన్నారు డైరెక్టరుగారు. “నలభై లిఫ్టుల ఆర్డరు. కొత్త బ్రేకు మీద వాళ్ళకి గురి కుదరడం లేదు. ఏం చేద్దామంటారు?”

“పరీక్షలో ఇసుక బస్తాల బదులు మనిషి నిలబడితే సరి సార్,” అందామె, తల కూడా ఎత్తకుండా.

డైరెక్టరుగారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఆమె పక్క కుర్చీలో మైకు ఫోను చూసుకుంటున్నాడు. కాసేపటికి ఫోను బోర్లించి గొంతు సవరించుకున్నాడు.

“ఇసుక బస్తాలు చూసి ఎవరు నమ్ముతారు సార్? లోపల మనిషిని నిలబెట్టి, వాళ్ళ కళ్ళముందే తాళ్ళు వదిలేద్దాం.”

“అదీ ఆలోచనంటే,” అన్నారు డైరెక్టరుగారు, బల్ల మీద చరిచి. “చూశావామ్మా, చొరవంటే ఇలా ఉండాలి.”

ఆమె తలూపి నోటుబుక్కు మూసేసింది.

“ఎవరు నిలబడతారని రాసుకోను సార్?” అని అడిగింది నివేదిక టైపు చేసే అమ్మాయి.

“అడగాలా? బ్రేకు ఎవరి ఆలోచనో వాళ్ళే. సేల్స్ మేనేజరుగారి పేరు రాయి.”

మైకు మొహంలో నెత్తుటి చుక్క లేదు. “నేనా సార్? మెకానిక్కుల్లో ఎవరినైనా...”

“మీ బ్రేకును మీరే నమ్మకపోతే ఆసుపత్రివాళ్ళెలా నమ్ముతారండీ? పద్నాలుగో అంతస్తు నుంచి వదులుదాం. సోమవారం పదింటికల్లా వచ్చెయ్యండి.”

టైపు చేసే అమ్మాయి అతని పేరు కొట్టడం మొదలుపెట్టింది. మైకు చొక్కా కాలరు వదులు చేసుకుని, నేల చూపులు చూస్తూ ఏదో గొణిగాడు.

“ఏమన్నారు? వినపడలేదు,” అన్నారు డైరెక్టరుగారు.

పక్కనే ఉన్న ఆమెకు మాత్రం స్పష్టంగా వినిపించింది. గొంతు సవరించుకుంది.

“బ్రేకు తనది కాదట సార్, నాదేనట.”