వంకర ఉందా, లేదా

"వంకర ఉందా లేదా, అదొక్కటే చెప్పండన్నా," అంటూ ఆవిడ దుప్పటిలో చుట్టి తెచ్చిన రైఫిల్‌ని బల్లమీద పెట్టింది.

తుపాకుల మేస్త్రి ముందు రైఫిల్‌ని చూశాడు, తర్వాత ఆవిడని చూశాడు. రైఫిల్ కొత్తది. చెక్క మీద మెరుగైనా పోలేదు. ఆవిడ మొహంలో మాత్రం నిద్రపోయిన జాడ లేదు.

"కొన్నచోటికే తీసుకెళ్లకపోయావా అమ్మా?"

"వాళ్ల సరుకు బాగాలేదని వాళ్లే చెప్తారా? మీరైతే ఉన్నదున్నట్టు చెప్తారట. అందరూ అంటారు."

అనక చస్తారా. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, కుండబద్దలు మేస్త్రి అంటేనే తెలుస్తుంది. పెద్ద పోలీసాఫీసరు మురిసిపోతూ తెచ్చి చూపించిన తుపాకీని, "గోడకి తగిలించుకుంటే బావుంటుంది సార్, కాల్చకండి" అని మొహమ్మీదే అన్న ఘనుడు. ఆ నోటివల్ల బేరాలు పోయాయి, చుట్టాలు పోయారు. నోరు మాత్రం మారలేదు.

"ఎవరిదిది?"

"మా ఆయనది." ఆవిడ అరచేత్తో కళ్లు తుడుచుకుంది. "పశువుల ఫారంలో కాపలా ఉద్యోగం. పోయిన వారం పొద్దుగూకే వేళకి ఎలుగుబంటి కంచె దూకి వచ్చింది. ఒక్కసారి కాల్చారు, తగల్లేదు. రెండోసారి కాల్చనివ్వలేదు అది."

మేస్త్రి చేతిలో నూనెగుడ్డ ఆగిపోయింది.

"ఆయన చెయ్యి తిరిగిన మనిషన్నా. కొమ్మకి వేలాడే నిమ్మకాయని కొట్టేవారు. ఇప్పుడు తోటి కాపలావాళ్లే అంటున్నారు, చెయ్యి వణికిందట, భయంతో కళ్లు మూసుకున్నాడట. ఇంకా మట్టి వేస్తుండగానే అన్నారు. మా పాప స్కూలుకెళ్లనంటోంది. నాన్న ఫోటో గోడవైపు తిప్పేసింది." రైఫిల్ మీద చెయ్యి వేసి అంది, "తప్పు చేతిదా, తుపాకీదా, నాకు తెలియాలి. తెలిసేదాకా ముద్ద దిగదు నాకు."

మేస్త్రి గొట్టాన్ని కిటికీ వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి చూశాడు. లోపలి వెలుగు గుండ్రంగా, ఎక్కడా చెదరకుండా ఉంది. పొడుగునా దారం లాగి పట్టి చూశాడు. దారానికీ గొట్టానికీ మధ్య ఎక్కడా తేడా లేదు. ఇలా కాదని రైఫిల్ తీసుకుని పెరట్లోకి నడిచాడు.

పెరట్లో ఇసుక బస్తాలున్నాయి. వాటి ముందు కాగితం కట్టి, తుపాకీని ఇనుప పట్టులో బిగించి కాల్చాడు. పట్టు విప్పి, భుజానికి ఆనించుకుని కాల్చాడు. రోజూ వాడేవాడికి తీరిగ్గా గురిచూసుకునే అదృష్టం ఎక్కడుంటుందని, గబుక్కున ఎత్తి మరీ కాల్చాడు. ట్రిగ్గర్ మొరాయించలేదు, తూటా ఇరుక్కోలేదు. కాగితం విప్పి చూస్తే చిల్లులన్నీ ఒకేచోట, నడిమధ్యలో ఉన్నాయి. ఇంత నిక్కచ్చి తుపాకీ ఆయన చేతికొచ్చి చాలాకాలమైంది. వేరే రోజైతే పిలిచి నలుగురికీ చూపించేవాడు.

తుపాకీ బంగారం, గురి తప్పింది మీ ఆయనే. ఈ మాట వెళ్లి ఆవిడతో చెప్పాలి. తలుపు సందులోంచి తొంగిచూశాడు. ఆవిడ ఖాళీ దుప్పటిని ఒళ్లో పెట్టుకుని మడత పెడుతోంది, విప్పుతోంది, మళ్లీ మడత పెడుతోంది. ఎంత పెద్దవాడి మొహమ్మీదైనా ఠకీమని చెప్పేసే మనిషికి ఆవేళ నోరు పెగల్లేదు. చచ్చినవాడు ఎలాగూ రాడు, పరువైనా మిగలనీ అనుకున్నాడు. కాగితాన్ని ఉండచుట్టి జేబులో కుక్కుకుని లోపలికొచ్చాడు.

"వంకర ఉందమ్మా."

ఆవిడ దిగ్గున తలెత్తింది. "ఉందా?"

"ఉంది. గొట్టం కుడికి లాగుతోంది. ఎంత మొనగాడు కాల్చినా తగలదు. మీ ఆయన చెయ్యీ వణకలేదు, కళ్లూ మూసుకోలేదు. ఆయన తప్పు ఆవగింజంత లేదు. కాదన్నవాణ్ని నా దగ్గరికి పంపు, నేను మాట్లాడతాను."

"బాగా చూశారా అన్నా? కంగారులో చూసి ఉంటారేమో. ఇంకోసారి చూడండి."

మేస్త్రికి చెమట్లు పట్టాయి. పాపం, అలవాటు లేని విద్య. తన అబద్ధం అతకలేదేమో, ఆవిడ నమ్మలేదేమో అనుకున్నాడు. నమ్మించాలన్న తొందరలో ఇంకాస్త గట్టిగా బిగించాడు.

"ఇంకోసారి చూసేదేముంది తల్లీ? ఇంత వంకర దాచినా దాగదు. కొనగానే ఆయన ఒక్కసారి నా దగ్గరికి తెచ్చి ఉంటే, నాలుగు తూటాలు కాల్చి అప్పటికప్పుడే చెప్పేవాణ్ని. అది చేతబట్టుకుని వెళ్లనిచ్చేవాణ్ని కాదు. మనిషి నిక్షేపంలా ఉండేవాడు."

ఇక భోరుమంటుంది, భారం దిగి ఇంటికెళ్తుంది అనుకుని మేస్త్రి మంచినీళ్ల గ్లాసు అందించాడు. ఆవిడ ఏడవలేదు. గ్లాసు అందుకోలేదు. రైఫిల్ వంక చూస్తూ ఉండిపోయింది.

"ఆ రోజు పొద్దున మీ దగ్గరికే బయల్దేరారన్నా," అంది. "కొత్తదానికి పరీక్షేంటి, డ్యూటీకి ఆలస్యమవుతోందని గుమ్మంలోంచి వెనక్కి తిప్పింది నేనే."