పసుపు మరక

కాగితాన్ని వెయ్యేళ్లు కాపాడే పెట్టె చవకై, చివరికి మా ఇంటికీ వచ్చింది. మా ఆవిడ హైమ సంబరంగా తన అభిమాన హీరో పోస్టరు అందులో పెట్టింది.

“పాల మరకలున్నాయి, తీసెయ్యమంటారా?” అని పెట్టె అడిగింది.

“ఆగాగు! మొదటి ఆట రోజు ఆ పాలు పోసింది నేనే!”

“దేవుడి పటమే రంగు వెలిస్తే మారుస్తాం. సినిమా బొమ్మకి వెయ్యేళ్లెందుకే?” అన్నాను.

“మీరూ ఏదైనా పెట్టండి, చూద్దాం మీ వైరాగ్యం!”

పోయిన మా అమ్మ చదివే వ్రతకథ పుస్తకం పెట్టాను.

“పేజీల అంచున పసుపు వేలిముద్రలున్నాయి. మీరు వద్దనకపోతే పది లెక్కపెట్టి తుడిచేస్తాను. ఒకటి, రెండు...” అంది పెట్టె.

“వద్దు, వద్దు!” అని అరిచాను.

హైమ పకపకా నవ్వి, పోస్టరు కాస్త జరిపి అమ్మ పుస్తకానికి చోటిచ్చింది.