స్కానింగ్ మందు జాడ

తన పాలే బిడ్డకు విషమవుతాయేమోనన్నది రెబెక్క భయం. అంతకు మించిన భయం ఆమెకు లేదు.

తలనొప్పికని దిల్‌సుఖ్‌నగర్‌లో స్కానింగ్ తీయించుకుని రెండు నెలలైంది. అప్పుడు నరానికి ఎక్కించిన మందు ఒంట్లోనే ఉండిపోతుందని ఎవరో అన్నారు. ఆ రోజు నుంచి నాలుగు నెలల జోస్నాకు డబ్బా పాలే.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేని ఒక పొద్దున, ఎల్‌బీ నగర్‌లోని ఆమె కిరాయి ఇంటికి ఒక పెద్దావిడ చెమటలు కక్కుతూ వచ్చింది.

"అమ్మాయ్, ఈ సీసాలో కాస్త మూత్రం పట్టివ్వు. స్కానింగ్ మందు నీ ఒంట్లో ఇంకా ఉందేమో పరీక్ష చేయిస్తాను."

ఆంధ్ర యాస. రెబెక్క బిడ్డను గట్టిగా పొదువుకుంది.

"నా ఇల్లు మీకెట్ల దొరికింది?"

"స్కానింగ్ రిజిస్టర్‌లో అడ్రసు చూశాను. నా పేరు శేషారత్నం. మలక్‌పేట నుంచి నడిచొచ్చాను."

"ఎవరు పంపిన్రు?"

"ఎవరూ పంపలేదమ్మా."

ఎవరూ పంపకుండా ఎవరైనా ఇంత దూరం నడుస్తారా? రెబెక్క సీసా పట్టుకుని పక్కింటి లచ్చమ్మ దగ్గరికి ఉరికింది.

"ఏం కాయితం రాసుకుంటరో ఏమో! రేపు తప్పంత నీదే అంటరు," అంది లచ్చమ్మ. "ఇటు తే, నావి పోసిస్త. నాకు షుగర్ గద, సీసాకు చీమలు వట్టని!"

ఇద్దరూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

శేషారత్నం ఆ సీసాను సంచిలో భద్రంగా పెట్టుకుని వెళ్లిపోయింది.

పది రోజులకు ల్యాబ్‌లో పనిచేసే జంగయ్య కాగితం తెచ్చాడు.

"నీ ఒంట్ల మందు జాడ లేదు బిడ్డా."

"మీ ల్యాబామె రాలేదేంది?"

"మా ల్యాబామె ఏంది? నీతోపాటు స్కానింగ్ తీయించుకున్నామె. ఆమెకు ముందుగాలనే కిడ్నీలు పాడైనయి. ఆ మందు బయటికి పోక ఒళ్లంత కట్టె లెక్క బిగుసుకపోతున్నది. నడిచినన్ని దినాలు, ఆ మందెక్కించుకున్నోళ్లందరినీ దేవులాడుకుంట తిరిగింది. ఇప్పుడు దవాఖానల పడ్డది. నీ కాయితం చూపిస్తే ఎంత సంబురపడ్డదో! 'పసిపిల్ల తల్లి, బతికిపోయింది' అని ఏడ్చింది."

రెబెక్క లోపలికి ఉరికింది. తన సీసా తాను నింపి జంగయ్య చేతిలో పెట్టి, బిడ్డనెత్తుకుని అతను చెప్పిన దవాఖానకు పరుగెత్తింది.

మంచం ఖాళీగా ఉంది. పొద్దున్నే ఊరికి తీసుకెళ్లారట. ఆంధ్రలో ఏ ఊరో చెప్పేవాళ్లు లేరు.

మీ వీధిలో ఒళ్లు బిగుసుకుపోయి మంచాన ఉన్న శేషారత్నం గారు ఉంటే, ఎలా ఉన్నారో ఒక్కసారి చూసి రండి. ఆ మొదటి సీసా రెబెక్కది కాదని మాత్రం చెప్పకండి.