గోడ దాటిన సొరతీగ

“కాయ మీద చెయ్యి పడిందా, చూడు మళ్ళ!” ఆడవాళ్ళ గదిలోంచి సుబ్బక్క అరిచింది.

“ఏం మే, ఏం చేస్తావు? తీగ నాది. కాయా నాదే!” గడప ఇవతల నిలబడి కంబన్న చేతికర్ర ఆడించాడు.

కర్నూలు ఊరిచివర, దిక్కులేని ముసలివాళ్ళు తలదాచుకునే సత్రం అది. బయట ఎండకు ఏదీ బతకదని కంబన్న మగవాళ్ళ గదిలోనే, కిటికీ కింద, పాత కిరసనాయిలు డబ్బాలో సొరవిత్తు నాటాడు. అది మొలిచి, మంచంకోళ్ళు పట్టుకుని గోడెక్కి, పైనున్న గాలికంతలోంచి పక్కనున్న ఆడవాళ్ళ గదిలో దూరింది. దూరి, సరిగ్గా సుబ్బక్క మంచం మీదికి ఒక కాయను దించింది. ఇప్పుడది పసిబిడ్డంత ఉంది.

సత్రం రెండుగా చీలిపోయింది. ఎప్పుడూ గోడవైపు తిరిగి పడుకునే గిడ్డయ్య కూడా లేచి కూర్చుని, “వదలొద్దప్పా కంబన్నా!” అని కేకేశాడు. ఆడవాళ్ళు గరిటెలు తీసుకుని గిన్నెలు వాయించారు.

“దినామూ మొగం కడిగిన నీళ్ళు పోసి సాకింది ఎవురు?”

“తెగి పడకుండా కోకపేలికతో ఉట్టి కట్టింది ఎవురు? వేరు యాడుంటే ఏమయ్యా, కడుపు ఈడ పండిండాది!”

రెండు గదులూ గొల్లుమన్నాయి.

ఆ గోలకు మేట్రన్ జ్ఞానమణి పరుగున వచ్చింది. ఆమె ఈ సత్రానికి కొత్త.

“ఆపండి! కాయ చెరిసగం. తీగను మాత్రం ఇప్పుడే పీకిస్తాను. మగవాళ్ళ గదిలోంచి ఆడవాళ్ళ గదిలోకి ఏదీ పోకూడదు. ఇక్కడి కట్టుబాటు అది.”

గిన్నెల మోత ఆగిపోయింది. కంబన్న చేతికర్ర కిందికి దిగింది.

“కాయంతా ఆమెకే ఇయ్యి తల్లీ. నాకొద్దు,” అన్నాడు.

“నాకూ వద్దు, నువ్వే కూర చేసుకో,” అంటూ సుబ్బక్క గబగబా వచ్చి తీగకు అడ్డంగా నిలబడింది. “తీగ జోలికి మాత్రం రావద్దు.”

జ్ఞానమణికి నవ్వాగలేదు. “ఇంతసేపూ జుట్లు పట్టుకునేంత పని చేశారు, అంతలోనే ఒకటైపోయారే! ఆ తీగతో మీ ఇద్దరికీ ఏం పని?”

ముసలమ్మలంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సుబ్బక్క తల వంచుకుంది.

“సంసారం చేస్తాండాం తల్లీ. ఈయప్ప నా మొగుడు.”