చాంద్‌బీ చేతికి తెలియని వేడి

వచ్చీ రాగానే ఆ మనిషి చేసిన పని, పసిబిడ్డ స్నానానికి పట్టి ఉంచిన బకెట్ నీళ్ళను కాస్తా తూములోకి వంపేయడం.

"ఓరి నీ దుంపతెగ! గీజర్ బాగుచెయ్యమంటే నీళ్ళు పారబోస్తావేంటి?"

చాంద్‌బీ అరుపు వీధి చివరిదాకా వినిపించింది. గుంటూరులో మిర్చి యార్డు వెనక వీధి అది. అక్కడ ఆమె గొంతుకు అందరూ ఎప్పుడో అలవాటు పడిపోయారు.

కూతురు నజ్మీన్‌కు ఆడపిల్ల పుట్టి ఆ రోజుకు సరిగ్గా నలభై రోజులు. తల్లీబిడ్డలకు నలభయ్యో రోజు స్నానం. అందుకోసమని కొడుకు కరీముల్లా ముందురోజే కొత్త గీజర్ పెట్టించాడు.

అప్పటిదాకా చాంద్‌బీ కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచి, రెండింతలు చన్నీళ్ళు కలిపి పోసేది. అంత ఖరీదు పెట్టి గీజర్ కొన్నాక ఇంకా కలపడమేంటి అనుకుంది. పొద్దున్నే పంపు తిప్పి చెయ్యి పెట్టి చూసింది. వేడే లేదు. గీజర్ వేడి పెంచే నాబ్ చివరికంటా తిప్పి, గంట ఆగి మళ్ళీ పట్టింది. అప్పటికి గోరువెచ్చగా తగిలాయి. కొత్త సరుకు అప్పుడే పాడైందని కొడుక్కి ఫోన్ చేసి నాలుగు తిట్టి, మెకానిక్‌ని పంపమంది.

అరగంటకు గుమ్మంలో ఈ మనిషి నిలబడ్డాడు. యాభై ఏళ్ళుంటాయి.

"చాంద్‌బీ గారి ఇల్లు ఇదేనా అండి? నేను..."

"ఇదే. నీ కోసమే చూస్తున్నా. పద, బాత్‌రూమ్ ఇటు."

"అది కాదమ్మా, నేను వచ్చింది..."

"మాటలు తర్వాత. బిడ్డకు నీళ్ళు పొయ్యాలి, పొద్దెక్కిపోతోంది."

అతను బాత్‌రూమ్‌లోకి తొంగి చూశాడు. బకెట్ దగ్గర కూర్చుని మోచెయ్యి ముంచబోయి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. అవే నీళ్ళతో నిండా ఉన్న మగ్గు పక్కన పెట్టి, బకెట్ వంపేశాడు. చాంద్‌బీ అరిచింది అప్పుడే.

"అమ్మా, ఇవి పాపకు పొయ్యబోతున్నారా?"

"కాక నీకు పోస్తానా?"

"తోలు ఊడొచ్చేదమ్మా."

"నోరు ముయ్యి! నా చేత్తో చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి."

అతను ఆమె చేతుల వంక చూశాడు. వేళ్ళు ఎర్రగా, బండబారిపోయి ఉన్నాయి.

"మిర్చి పనికి వెళ్తారా అమ్మా?"

"ముప్పై ఏళ్ళుగా తొడిమలు తీస్తున్నా. అయితే?"

"ఆ ఘాటుకు మీ వేళ్ళు మొద్దుబారాయి. వాటికి ఇక వేడి తెలీదమ్మా. మీ తప్పేం కాదు."

చాంద్‌బీకి ఒళ్ళు మండిపోయింది.

"నాకు తెలీదా? ఈ వీధిలో సగం మందిని కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసిన చేతులివి! చేతిలో స్క్రూడ్రైవర్ కూడా లేదు, నువ్వు నాకు చెప్పొచ్చావా? నడువ్ బయటికి!"

అతను కదల్లేదు. ముందు నాబ్‌ను వెనక్కి తిప్పాడు.

"యాభై డిగ్రీలు దాటనివ్వకండమ్మా. లోపలున్న నీళ్ళు ఇంకా చాలాసేపు పొగలు కక్కుతూనే ఉంటాయి. బకెట్‌లో ముందు చన్నీళ్ళు పట్టి, తర్వాత వీటిని కొంచెం కొంచెం కలపండి. మోచెయ్యి పెడితే వేడీ అనిపించకూడదు, చలీ అనిపించకూడదు."

"నడువ్ అన్నానా!"

నడిచాడు. చెప్పులు వేసుకుంటూ, పాప ఏడుపు వినిపిస్తున్న గదివైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

చాంద్‌బీ సణుగుతూ మళ్ళీ నాబ్ మీద చెయ్యి వేసింది. అంతలో నజ్మీన్ పాపను ఉయ్యాల్లో పడుకోబెట్టి వచ్చింది.

"ఉండమ్మా. ఆయన అన్నదేంటో చూద్దాం."

పక్కన పెట్టిన మగ్గులో మోచెయ్యి ముంచింది.

"అమ్మో!"

ముంచిన చోట తోలు ఎర్రగా కందిపోయింది.

"నాటకాలాడకే," అంటూ చాంద్‌బీ అదే మగ్గులో నాలుగు వేళ్ళూ పెట్టింది. పెట్టి, అలాగే ఉంచింది. "గోరువెచ్చగానే ఉన్నాయి కదే."

నజ్మీన్ కందిన మోచెయ్యి ముందుకు చాపింది. చాంద్‌బీ ఆ మోచెయ్యి చూసింది, ఆవిర్లు వస్తున్న మగ్గులో నింపాదిగా ఉన్న తన వేళ్ళు చూసింది. గడప మీద కూలబడింది.

"నా బంగారుతల్లి మీద ఇవి పోసేసేదాన్ని కదే!"

భోరున ఏడ్చింది. కాసేపటికి ముఖం కడుక్కుని, కాళ్ళు చాపి కూర్చుంది.

"నీళ్ళు నువ్వు చూడు. పోసేది నేనే."

ముందు చన్నీళ్ళు, తర్వాత కాసిన్ని వేణ్ణీళ్ళు. నజ్మీన్ మోచెయ్యి రెండుసార్లు కాదంది, మూడోసారి సరేనంది. రెండో మగ్గుకే పాప అర్ఫా ఏడుపు మానేసి, అమ్మమ్మ ముఖంలోకి గుడ్లప్పగించి చూసింది. పాప ఒళ్ళంతా తడిమి చూసుకుని చాంద్‌బీ గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

మధ్యాహ్నం కరీముల్లా బండి మీద ఎవరినో ఎక్కించుకొచ్చాడు.

"ఆలస్యమైందమ్మా. ఇడుగో, మెకానిక్."

"మరి పొద్దున వచ్చిందెవర్రా?"

కరీముల్లా నాలుక్కరుచుకున్నాడు.

"మన పై వాటా అద్దెకు చూడ్డానికి జక్రయ్య గారని ఒకాయన్ని రమ్మన్నా. నీకు చెప్పడం మర్చిపోయా."

చాంద్‌బీ తల పట్టుకుంది.

"అయ్యో, ఎన్ని మాటలన్నానురా! ఫోన్ చెయ్యి. ఇల్లు ఆయనకేనని చెప్పు."

కరీముల్లా పక్కకు వెళ్ళి మాట్లాడాడు. తిరిగి వచ్చేసరికి గొంతు తగ్గింది.

"వేరే ఇల్లు మాట్లాడేసుకున్నాడంటమ్మా. నీ మీద కోపమేం లేదంట. పాపకు స్నానం అయిందా అని అడిగాడు. అయింది, హాయిగా నిద్రపోతోంది అని చెప్పా."

"ఇంతకీ ఎవర్రా ఆయన?"

"ఆసుపత్రిలో కాలిన పిల్లలకు కట్లు కట్టే నర్సంటమ్మా... 'మీ పాపకు కట్టు కట్టే పని తప్పింది, నాకది చాలు' అన్నాడు."