హద్దు గోడ

కృపాజ్యోతి వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది.

తలెత్తేసరికి ఎవరో ముసలాయన, పశువుల కొట్టం నుంచి పాత గోడ దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తున్నాడు.

"ఏమయ్యో! ఏం కొలుస్తున్నవ్?"

"ఏం లేదమ్మా, ఊరికే. బీరమ్మగారు ఉన్నారా?"

మాట ఇక్కడిది కాదు. ఈ భూమి పట్టా అత్త బీరమ్మ పేరునే ఉంది. జ్యోతి చేట పక్కన పెట్టి లేచింది.

కనకమామిడి ఊళ్లో భూమిని ఎవరూ ఊరికే కొలవరు. పక్క ఫామ్‌హౌస్ యజమాని ఆ గోడ నిన్నమొన్న కట్టిందనీ, ఇవతలి నాలుగు గుంటల నేల తనదేననీ కేసు వేశాడు. నలభై ఏళ్ల కింద ఆ గోడను చూసిన బయటి మనిషి ఒక్కడు సాక్ష్యం చెప్తే చాలని వీళ్ల వకీలు అంటున్నాడు.

"ఇగో, జర బయటికి రా!" అని భర్తను పిలిచింది.

రత్నాకర్ బయటికి వచ్చాడు. నిన్న సినిమా చూసి వచ్చినప్పటి నుంచి చిరాకుగానే ఉన్నాడు. అప్పట్లో ఈ గోడ దగ్గర తీసిన పాత కరాటే సినిమానే మళ్లీ తీశారు. గోడ మళ్లీ తెర మీద కనబడుతుందని ఎంతో ఆశపడ్డాడు. తీరా చూస్తే గోడే లేదు. హీరో కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో గాల్లో తేలిపోయాడు.

"కొత్త సినిమా చూశాను బాబూ," అన్నాడు ముసలాయన. "ఏం బాగాలేదు. ఒకసారి ఈ గోడ చూసి పోదామని వచ్చాను. అప్పట్లో ఇంకా ఎత్తుగా అనిపించింది."

"ఓహో! అంటే ఇది ఆ గోడ కాదంటవ్. కోర్టుల గట్లనే చెప్పుమని నేర్పి పంపిండా ఫామ్‌హౌస్ ఆయన?"

"అయ్యో, నేను..."

"పాత సినిమాల హీరో దుంకింది గీ గోడ మీదికెల్లే! ఊరంత చెప్తది."

"హీరో దూకాడా?" ముసలాయన నవ్వాడు.

"మరి నువ్వు దుంకినవా? నడువ్, నడువ్!"

ఆయన నవ్వు ఆగిపోయింది.

"బాలరాజ్ వచ్చిపోయాడని బీరమ్మగారికి చెప్పండి" అని వెళ్లిపోయాడు.

రత్నాకర్ గేటుకు గడియ పెట్టాడు. "బాలరాజట! పేరు గూడ దొంగదే కావచ్చు."

గంట తర్వాత బీరమ్మ చేవెళ్ల దవాఖాన నుంచి వచ్చి ఆటో దిగింది.

"అత్తా, ఎవరో బాలరాజట, నీ కోసం..."

"ఏడి? కూసోబెట్టినవా? బువ్వ పెట్టినవా?"

జ్యోతి భర్త వైపు చూసింది.

"ఎవరవ్వా ఆయన?" అని తల్లిని అడిగాడు రత్నాకర్.

"ఎవరికి చెప్పొద్దని సినిమావాళ్లు ఒట్టు పెట్టించుకున్నరు బిడ్డా. అప్పటికి నువ్వు పుట్టలే." బీరమ్మ అరుగు మీద కూలబడింది. "ఆనాడు హీరో గొడుగు కిందికెల్లి లేవనే లేదు. ఆయన అంగీ తొడుక్కొని, గోడ మీదికెల్లి దుంకి కాలిరగ్గొట్టుకున్నది ఆ పిలగాడే. బండి వచ్చేదాక నా ఒళ్లె తల పెట్టుకొని ఏడ్చిండు."

రత్నాకర్ గేటు గడియ తీసి, చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు వైపు వెళ్లిపోయాడు.