వాడుతున్నదెవరు?

"తీయడం కుదరదు. డిస్కు వాడుకలో ఉంది."

నాలుగోసారి కూడా తెర మీద అదే మాట.

"వాడుకలో ఉందట! ఎవరి వాడుకలో తల్లీ?" అంటూ ఇంజనీరు కంప్యూటర్‌కు దణ్ణం పెట్టాడు.

మధ్యాహ్నమైనా బయట వాన తెరిపి ఇవ్వడం లేదు. వరద హెచ్చరిక కేంద్రం గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. నది పొడవునా అయిదు గట్ల మీదున్న కొలతగదుల నుంచి నీటిమట్టం అంకెలు వచ్చి చేరే పాత డిస్కు నిండిపోవస్తోంది. మూడింటిలోగా దాన్ని తీసి కొత్తది తగిలించాలి. లేకపోతే అంకెలు ఆగిపోతాయి.

"ఆ మాట రాసిన మహానుభావుడెవరో గానీ, ఇంకో ముక్క రాస్తే ఆయన సొమ్మేం పోయింది?" అంది పక్క కుర్చీలోని ఆపరేటరు.

ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి. ఆ మహానుభావుడు తనే.

ఎవరు వాడుతున్నారో, దేనికో, ఎవరిని అడగాలో కూడా తెర మీద కనపడేలా మార్చమని పెద్దసారు చెప్పి నెల దాటింది. ఈలోపు తన పెళ్లి వచ్చింది. సెలవు వచ్చింది. సెలవు నుంచి తిరిగొచ్చి పదకొండు రోజులైనా, మనసింకా తిరిగి రాలేదు.

"మూడో గట్టు ఎంతుంది అక్కా?"

"పదకొండు అడుగులు. పన్నెండు దాటితే సైరన్ మోగించాలి."

సైరన్ మోగాక ఏటి ఒడ్డు వీధిలోని అరవై ఇళ్లవాళ్లు బయటపడటానికి అరగంట పడుతుంది. మోగకపోతే ఒక్కరూ కదలరు.

ఫోన్ మోగింది.

"బాబూ, మూడో గట్టు నుంచి మాట్లాడుతున్నా. ఇక్కడ తెర మీద 'పని ముగించండి' అని మాటిమాటికీ వస్తోంది. ముగించమంటారా?"

ఆడగొంతు. రొప్పుతోంది.

"మీరెవరు?"

"గది ఊడ్చేదాన్ని బాబూ."

"ఊడ్చేవాళ్లకు కంప్యూటర్‌తో ఏం పనమ్మా? ఎవరు ముట్టుకోమన్నారు?"

"ఎవరూ అన్లేదు. నీళ్లు పెరుగుతున్నాయి కదా అని..."

"ఆ సంగతి మాకు తెలుస్తుంది. నీళ్లు కొలవడానికి అక్కడ సెన్సార్ ఉంది. అది చూసుకుంటుంది."



"సెన్సారా బాబూ? అది..."

"అమ్మా, టైము లేదు. కంప్యూటర్ ఆపేసి, గదికి తాళం వేసి ఇంటికెళ్లండి. ఇంకెప్పుడూ దాని జోలికి రాకండి."

"ఆపేయమని మీరే చెబుతున్నారుగా?"

"నేనే చెబుతున్నా."

"సరే బాబూ."

రెండు నిమిషాల తర్వాత ఇంజనీరు అయిదోసారి ప్రయత్నించాడు.

డిస్కు ఊడింది.

"వచ్చేసింది అక్కా!" కుర్చీలో గిర్రున ఒక చుట్టు తిరిగాడు. "మా ఆవిడ పెళ్లికి ఒక్కసారికే సరేనంది. ఇది అయిదోసారికి!"

"సంబరం తర్వాత. ముందు కొత్తది తగిలించు."

రెండూ నలభై అయిదుకల్లా కొత్త డిస్కులోకి అంకెలు రావడం మొదలైంది. ఒకటో గట్టు. రెండోది. నాలుగోది. అయిదోది.

మూడో గట్టు ఎదుట ఖాళీ.

రెండూ యాభై. ఖాళీయే.

ఆపరేటరు ఆ గదికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎత్తేవాళ్లు లేరు.

ఇంజనీరుకు అప్పుడు అనుమానం వచ్చింది. నాలుగుసార్లు మొండికేసిన డిస్కు, ఆవిడ కంప్యూటర్ ఆపగానే ఎందుకు ఊడింది? అంటే దాన్ని వాడుతున్నది ఆవిడేనా?

సంగతి విని పక్క గదిలోంచి వచ్చిన పెద్దసారు జీపు డ్రైవర్‌ని మూడో గట్టుకు పరుగెత్తించాడు. పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాలూ గదిలో ఎవరూ కూర్చోలేదు.

"సార్, గదికి తాళం వేసుంది!" అన్నాడు డ్రైవర్ ఫోన్‌లో.

"గది వదిలెయ్! ఏట్లోకి దిగే మెట్ల పక్కన గోడ మీద అడుగుల గీతలుంటాయి. నీళ్లెక్కడున్నాయో చూడు!" అని అరిచాడు పెద్దసారు.

"పదకొండు... కాదు సార్, పన్నెండో గీత కనపడ్డం లేదు! మునిగిపోయింది!"

పెద్దసారు చెయ్యి సైరన్ మీట మీద పడింది.

ఏటి ఒడ్డు వీధిలో చివరి ఇంటివాళ్లు మంచంతో సహా ముసలాయన్ని మోసుకుంటూ మిట్ట ఎక్కారు. అయిదు నిమిషాలకు వాళ్ల గుమ్మంలోకి నీళ్లొచ్చాయి.

అందరూ బయటపడ్డారని కబురు అందాక గానీ ఇంజనీరుకు ఊపిరి ఆడలేదు. వెంటనే డ్రైవర్‌కి ఫోన్ చేశాడు.

"అన్నా, ఆవిడ్ని జీపులో ఎక్కించుకుని రా. నేను మాట్లాడాలి."

"ఎక్కడిది సార్? ఆఫీసువాళ్లు ఇక రావద్దన్నారని చెప్పి, ఇక్కడి టీకొట్టాయన చేతిలో తాళంచెవి పెట్టేసి బస్సెక్కిందట. ఏ ఊరో ఆయనకీ తెలీదు."



"సరే, ఆ తాళం తీసి లోపలికెళ్లు. సెన్సార్ ఎందుకు ఆగిందో చూసి చెప్పు."

"ఏ సెన్సార్ సార్? అది బిగించిన స్తంభం రెండేళ్ల కిందటి వరదకే కొట్టుకుపోయిందని టీకొట్టాయనే చెప్పాడు. అప్పుడే ఆవిడ ఫోన్ చేస్తే, 'కాగితం మీద రాసి పంపు, చూద్దాం' అన్నారట మనవాళ్లు."

"మరి ఇన్నాళ్లూ పొద్దునా సాయంత్రం, వరదొస్తే పావుగంటకోసారి, అంకెలు ఎలా వచ్చాయి?"

తాళం తీసిన చప్పుడు. తలుపు కిర్రుమంది. డ్రైవర్ గొంతు తగ్గింది.

"గది నేలంతా తడి అడుగులే సార్. ఏటి మెట్ల వైపు గుమ్మం నుంచి కంప్యూటర్ దాకా, కంప్యూటర్ నుంచి గుమ్మం దాకా."

రెండు వర్షాకాలాలుగా మూడో గట్టు మీద సెన్సార్ అంటూ ఉన్నది ఆవిడొక్కతే.